రెండు మగ్గాల కండెలు

ఆ వానకాలం మా వీధి మలుపు దగ్గర కంపెనీ బస్సు ఆగడం మొదలైంది. మా తోడికోడలు ఉష రోజూ పొద్దున ఆ బస్సెక్కి పోతుంటే చూసి నేను కుళ్లుకునేదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. తప్పనేవాళ్లు ముందు రెండు మగ్గాలకు కండెలు చుట్టి, తర్వాత నాతో మాట్లాడాలి.

మాది నారాయణపేటలో నేత ఇల్లు. ముందు గదిలో ఇటు గోడకొకటి, అటు గోడకొకటి గుంత మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన వెంకటనర్సు, రెండోదాని మీద మా మరిది నవీన్. మగవాళ్లు నేస్తుంటే ఆడవాళ్లం పక్కన రాట్నం ముందు కూర్చుని, పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లలకు నూలు చుడతాం. అవే కండెలు. కండె అయిపోతే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే దాని మీది మనిషి తలెత్తి చూస్తాడు. ఆ చూపు పడకుండా చూసుకోవడంతోనే మా పగలు గడిచిపోతుంది. మా ఆయన మగ్గానికి నేను, నవీన్ మగ్గానికి ఉష. రాట్నాలు వేరు, బుట్టలు వేరు.

అంతకుముందు ఎండాకాలంలో ఆడవాళ్లకు మిషన్ కుట్టడం నేర్పిస్తామంటే ఇద్దరం కలిసే పోయాం. పక్కపక్క మిషన్ల మీదే నేర్చుకున్నాం. నా కుట్టు ఉష కుట్టు కంటే తిన్నగా వచ్చేది. ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు, నేర్పిన యాదలక్ష్మి మేడమే అందరి ముందూ అంది. మహబూబ్‌నగర్ పోయే దారిలో చొక్కాలు కుట్టే కంపెనీ కొత్తగా పెట్టారనీ, నేర్చుకున్నవాళ్లను తీసుకుంటారనీ తెలిసి ఇద్దరం పేర్లిద్దామనుకున్నాం. మా అత్త బిక్షమ్మ ఆకువక్క నములుతూ అంతా విన్నది. పెద్దదాన్ని కాబట్టి నేను ఇల్లు వదిలితే కుదరదని, చిన్నది పోతే పోనీ అని తేల్చేసింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మగ్గం మీంచి తల ఎత్తలేదు.

ఉష మొదటిరోజు బస్సెక్కిపోయాక అత్త లేచి, ఉష కండెల బుట్టను తెచ్చి నా బుట్ట పక్కన పెట్టింది. ఒక్క మాట అనలేదు. అడిగితే కదా నేను కాదనడానికి. ఆరోజు నుంచి రెండు మగ్గాల కండెలూ నా పాలపడ్డాయి. దానికి తోడు, కంపెనీకి పోయే మనిషికి అన్నం డబ్బా కట్టివ్వాల్సింది కూడా నేనే.

ఉషకు వాళ్లు నీలం కోటు ఇచ్చారు, మెళ్లో వేసుకునే ఫోటో కార్డు ఇచ్చారు. ఇంటికొచ్చాక ఆ కార్డును దేవుడి పటం పక్క మేకుకు తగిలించేది. దీపం పెట్టేటప్పుడల్లా దేవుడితో పాటు దాని మొహం కూడా చూడాల్సి వచ్చేది నాకు. బస్సులో అది ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేది. బస్సు కదిలేటప్పుడు నావైపు చూసి చెయ్యి ఊపేది. నేను నూలు చేతిలో ఉందన్నట్టు తలవంచుకునేదాన్ని. ఆదివారం వస్తే బారెడు పొద్దెక్కేదాకా పడుకునేది. పాపం అలిసిపోయింది, చప్పుడు చెయ్యొద్దని అత్త నాకు సైగ చేసేది. రాట్నం చప్పుడు చెయ్యకుండా కండెలు ఎట్లా చుట్టాలో మాత్రం చెప్పలేదు.

శ్రావణంలో ముసురు పట్టుకుని మగ్గం గుంతల్లో నీళ్లూరాయి. ప్రతి వానకాలం ఉండే తంటాయే అది. నీళ్లు తోడిపోసి, బూడిద చల్లి, ఎండ కోసం చూస్తూ కూర్చోవాలి. మగ్గాలాగితే మా ఇంట్లో అందరికీ మాటలు కరువయ్యేవి. ఆ ఏడు మాత్రం అట్లా కాలేదు. ఉష జీతంతో బియ్యం వచ్చాయి, నూనె వచ్చింది. చాయ పెట్టగానే మొదటి గ్లాసు ఉషకిచ్చేది అత్త. పుట్టి బుద్ధెరిగి ఎవరికీ గ్లాసెడు నీళ్లివ్వని నవీన్, పొద్దుగూకితే గొడుగు పట్టుకుని మలుపు దగ్గర బస్సు కోసం నిలబడేవాడు. ఒక్క గొడుగు కింద మొగుడూ పెళ్లాం నడిచొస్తుంటే వీధిలో అందరూ అరుగుల మీంచి చూసేవాళ్లు. నాకు పెళ్లయినప్పటి నుంచి ఎన్ని వానలు కురిశాయో, మా ఆయన నాకోసం ఒక్క గొడుగు విప్పిన పాపాన పోలేదు.

అన్నిటికంటే నా కడుపు మండింది ఉష చెప్పే ముచ్చట్లకు. రాగానే కాళ్లు కడుక్కుని గుమ్మంలో కూర్చుని మొదలుపెట్టేది. తను కాలర్లు కుడుతుందట, తన మిషన్ మీద గాలి ధారగా వచ్చే ఫ్యాన్ ఉందట, తను కుట్టిన చొక్కాలు ఓడెక్కి పోతాయట. మగ్గాలు మళ్లీ మొదలయ్యాక మా ఆయన ఆ మాటలు వినడానికి నేయడం ఆపేవాడు. పగలంతా ఆయన పక్కనే కూర్చునే నేను ఏమన్నా చెప్పబోతే, మగ్గం చప్పుడులో వినపడలేదనే మనిషి!

అట్లాంటి ఒక సాయంత్రమే ఉష ముడి కథ చెప్పింది.

"మా లైన్ల ఒకామె ఉందక్క. మనలెక్కనే మగ్గాలోల్ల ఇంటామె," అంది. "కాలర్ కుడుతుంటే దారం తెగింది. మనం మగ్గం మీద పోగు తెగితే ఏం జేస్తం? చిటికెల ముడేసి నేసుకుంట పోతం. ఆమె గూడ గట్లనే ముడేసి కుట్టుకుంట పోయింది. ఆడ గట్ల నడ్వదు. కాలర్ మీద ముడి ఉంటే ఆ చొక్క పనికిరాదంట. దారం తెగితే కుట్టంత ఇప్పి మల్ల మొదట్నుంచి కుట్టాలె. ఆమెకు ఎన్నిమాట్ల చెప్పినా చెయ్యి ఊకోదు, ముడేస్తనే ఉంటది."

అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ ఉషే నవ్వింది. మా ఆయన మాత్రం మగ్గం మీద చెయ్యి ఆనించి, "మనోల్ల చెయ్యి గట్లనే పోతది. ఏం జేస్తది పాపం," అన్నాడు. ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి మీద ఆయనకు కలిగిన ఆ జాలి చూసి కూడా నాకు ఒళ్లు మండింది.

బతుకమ్మ పండుగ దగ్గరపడింది. నేత ఇంటి కోడళ్లం కదా, పండుగకు మా మగ్గం మీది చీరలే కట్టుకుంటాం. బోర్డరు ఎక్కడో తప్పు పడి, చీరలు కొనే షావుకారు వద్దన్న చీర నా వంతుకు వస్తుంది. ఆ ఏడు ఉష బజారు నుంచి పువ్వుల అచ్చు చీర కొనుక్కొచ్చింది. పట్టుకుంటే పట్టినట్టే ఉండదు, ఊదితే ఎగిరిపోయేట్టుంది. నాకు లోలోపల పండుగయింది. ఈ ఇంట్లో మిల్లు బట్టా అని అత్త ఇల్లు పీకి పందిరేస్తుందని ఎదురుచూశాను. అత్త ఆ చీర కొంగు చేతిలోకి తీసుకుని, వేళ్లతో నలిపి, చెంపకు ఆనించుకుంది.

"ఎంత తేలికున్నదే. నాకొకటి తేరాదు?" అంది.

నేను లేచి పెరట్లోకి పోయాను. పూలు తెంపుతున్నట్టు పిడికెడు గునుగు పువ్వును నలిపి పిండి చేశాను.

మరునాడు డబ్బా చేతికిస్తూ ఉషను అడిగాను, కంపెనీలో నా పేరు కూడా చెప్పమని. అది నావైపు చూడకుండా డబ్బా సంచిలో పెట్టుకుంది.

"నీకొద్దక్క. గంతసేపు నువ్వు నిలబడలేవు."

"కూసోని కుట్టేదానికి నిలబడుడేంది?"

ఉష సంచి భుజానికి తగిలించుకుంది. బస్సు హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. తనొక్కతే పోవాలి, తనొక్కతే మెరవాలి, నేను రావద్దు. నాకట్లాగే అర్థమైంది. ఆరోజు నేను చుట్టిన కండెలు రాళ్లంత గట్టిగా వచ్చాయి.

ఆ వారంలోనే నీళ్ల టాంకీ దగ్గర మనీష కలిసింది. పక్క వీధి పిల్లే, అదే బస్సులో పోతుంది. ఒకామె కాన్పుకు పోతుండడంతో ఒక మిషన్ ఖాళీ అవుతోందని, గురువారం టెస్టు పెడుతున్నారని, బయటివాళ్లు కూడా రావచ్చని చెప్పింది. "ఉష నీకు చెప్పలేదా అక్కా?" అని వింతగా చూసింది. నేను బిందె ఎత్తుకుని వచ్చేశాను. సగం నీళ్లు దారిలోనే ఒలికిపోయాయి.

గురువారం పొద్దున, అమ్మకు ఒంట్లో బాగాలేదట, కోస్గి పోయొస్తానని ఇంట్లో చెప్పాను. అమ్మ నిక్షేపంలా ఉంది. రెండు బుట్టల నిండా కండెలు చుట్టిపెట్టి, బోర్డరు తప్పుపడిన నా చీరే కట్టుకుని, ఆటో ఎక్కి కంపెనీ దగ్గర దిగాను.

ఎంత పెద్ద రేకుల షెడ్డో. లోపల వందల మిషన్లు ఒక్కసారి కదులుతుంటే కాళ్ల కింద నేల వణుకుతోంది. మా ఊరు మొత్తం మీద నడుస్తున్న మగ్గాలన్నీ తెచ్చిపెట్టినా ఒక మూలకు చాలవు. నిహారిక అనే మేడం నన్ను ఒక మిషన్ ముందు కూర్చోబెట్టింది. నాకంటే చాలా చిన్నది, మర్యాదగా మాట్లాడింది. కాలర్ ముక్కలిచ్చి కుట్టమంది. సగం కుట్టేసరికి దారం టక్కుమని తెగింది.

నా చెయ్యి దానంతటదే పోయింది. తెగిన కొసలు రెండూ వేళ్ల మధ్యకు వచ్చేశాయి, చుట్టు తిరిగింది. లాగితే ముడి పడిపోయేదే. అప్పుడు ఉష చెప్పిన ముచ్చట గుర్తొచ్చింది. వేళ్లు విడిచేశాను. కుట్టినదంతా పోగు పోగు విప్పి, దారం పైనుంచి మళ్లీ ఎక్కించి, మొదటినుంచి కుట్టాను. బంగారంలాంటి కుట్టును నా చేతులతో నేనే విప్పుకుంటుంటే ప్రాణం ఉసూరుమంది.

నిహారిక మేడం కాలర్‌ను వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ నేత వాళ్లలో ముడి వెయ్యకుండా ఆగినవాళ్లను ఇప్పుడే చూస్తున్నా," అంది. తర్వాత గొంతు తగ్గించి అటు చూపించింది. "ఆ అమ్మాయి కూడా మీ ఊరే. చేరిన వారంలోనే మిషన్ మీంచి దింపాల్సి వచ్చింది. అప్పట్నుంచి దారాలు కట్ చేస్తోంది. ఈ మిషన్ తనకే ఇద్దామనుకున్నాం. పొద్దున టెస్టులో మళ్లీ ముడే వేసింది."

అటు చూశాను. పొడుగాటి బల్ల ముందు వరసగా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. కూర్చోవడానికి ఒక్క స్టూలు లేదు, నెత్తి మీద ఫ్యాన్ లేదు. వాళ్లలో ఉష ఉంది. ఎవరో కుట్టిన చొక్కాలకు వేలాడే దారం కొసలను చిన్న కత్తెరతో కత్తిరిస్తోంది. నడుము నొప్పికి కాబోలు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. కాలర్లూ, ఫ్యాన్ గాలీ అన్నీ కట్టుకథలే. ముడి వేసిన ఆ నేత ఇంటామె తనే.

అప్పుడే ఉష తలెత్తింది. నన్ను చూసింది, తర్వాత మేడం చేతిలోని కాలర్‌ను చూసింది. కత్తెర ఆగిపోయింది.

నాకు ముందు జాలి కలిగిందని చెబితే మీరు మెచ్చుకుంటారు. కానీ కలగలేదు. నా కుట్టే తిన్నగా వస్తుందని నాకెప్పుడో తెలుసు, ఇప్పుడు దానికీ తెలిసింది. అదొక్కటే ఆ క్షణాన నా మనసులో ఉన్నది.

"చేరతారా?" అని మేడం అడిగింది.

"చేరుత మేడం," అన్నాను. అంత చప్పుడులో కూడా ఉషకు వినపడేంత గట్టిగానే అన్నాను.

సాయంత్రం ఇద్దరం కంపెనీ బస్సులోనే వచ్చాం. ఉష ముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను దగ్గరికి రాగానే లేచి పక్కకు జరిగింది.

"కిటికి దిక్కు కూసో అక్క. ఎప్పటిసంది సూస్తున్నవ్ గద," అంది.

నేను కూర్చున్నాను. బయట కంది చేలు, రాళ్ల గుట్టలు వెనక్కి పోతున్నాయి. అన్ని రోజులు కళ్లు కాయలు కాసేలా చూసిన కిటికీలోంచి కనపడేది ఇంతే. ఊరు దగ్గరపడుతుండగా, దారాలు కత్తిరించే సంగతి ఇంట్లో చెప్పొద్దని ఉష మెల్లగా అడిగింది. చెప్పనన్నాను, చెప్పలేదు కూడా. మంచిదాన్నయి కాదు. చెబితే ఇంట్లోవాళ్లందరూ దాని మీద జాలిపడతారు. మా ఆయన మగ్గం ఆపి మరీ పాపం అంటాడు. అది వినడం నా వల్ల కాదు.

కోస్గి కాదు, కంపెనీకే పోయానని ఆ రాత్రే ఇంట్లో చెప్పేశాను; రెండో జీతం లెక్కేసుకుని అత్త సరే అంది. ఇద్దరం బస్సెక్కితే ఇంట్లో రెండు మగ్గాలూ ఆగిపోయాయి. అత్తకు చూపానక నూలు కొస దొరకదు. నవీన్ తనే రాట్నం ముందు కూర్చున్నాడు కానీ, మగవాడు కండెలు చుడుతున్నాడని వీధంతా వచ్చి చూసిపోయింది. చుట్టిన కండె నాడెలో పెట్టగానే వదులై చిక్కుపడింది. దసరా పోయింది, పెళ్లిళ్ల చీరలు అడుగుతూ షావుకారు మనిషి రెండుసార్లు వచ్చాడు. ఒకరే బస్సెక్కాలి, ఒకరు ఇంట్లో ఉండాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు కానీ అన్నాల దగ్గర అందరం అదే నములుతున్నాం. నేనే పెద్దదాన్ని కాబట్టి మళ్లీ నన్నే దిగమంటారని, ఈసారి ఊరుకునేది లేదని, జవాబు కూడా కూడబలుక్కుని పెట్టుకున్నాను.

"అక్క పోనీ అత్తమ్మ," అంది ఉష, అన్నం కలుపుతూనే. "అక్క చెయ్యి మంచిగున్నది ఆడ. నేనుంట ఇంట్ల."

నేను దాచుకున్న జవాబు నా నోట్లోనే ఉండిపోయింది. మరునాడు నేను కోటు తొడుక్కుంటుంటే అత్త లేచి నా కండెల బుట్టను తీసుకుపోయి ఉష బుట్ట పక్కన పెట్టింది. నాకు ఉష అన్నం డబ్బా కట్టిచ్చింది.

మిషన్ మీద ఎట్లా ఉంటుందో నాకిప్పుడు తెలుసు. మధ్యాహ్నానికి మెడ పట్టేస్తుంది. గంట గంటకూ ఎన్ని కాలర్లయ్యాయో బోర్డు మీద రాస్తారు. పక్కకు పోవాలంటే చెయ్యెత్తి అడగాలి. నా మిషన్ మీద కూడా ఫ్యాన్ లేదు. ఇంటికొచ్చాక అందరూ ఎట్లుందని అడిగితే, ఫ్యాన్ గాలి ధారగా వస్తుందని చెప్పాను. రాట్నం తిప్పుతూ ఉష వింటోంది. నేనాడే ప్రతి అబద్ధమూ దానికి తెలుసు.

"ఔ, ఆ దిక్కు గాలి మంచిగొస్తది," అంది.

అట్లా కొన్నాళ్లు గడిచాయి. చలి మొదలైన ఒక సాయంత్రం నేను వీధి మలుపు తిరిగేసరికి మా ఇంట్లోంచి రెండు మగ్గాల చప్పుడూ కలిసి ఒకే తీరుగా వినపడుతోంది. లోపలికొచ్చి కాళ్లు కడుక్కున్నాను. మొదటి గ్లాసు చాయ నాకే ఇచ్చింది అత్త. మా ఆయన నేస్తూ నేస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు.

"ఉష కండెలు మంచిగున్నయ్. నాడెల ఏడ పట్టుకుంటలేవు."

పెళ్లయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆయన నేసిన ప్రతి చీరకూ కండెలు నేనే చుట్టాను. అవి బాగున్నాయని ఆయన అనలేదు, బాగాలేవనీ అనలేదు. కండెల గురించి అనడానికి ఒక మాట ఉంటుందనే నాకు తెలియదు. చాయ చల్లారిపోయేదాకా గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం వచ్చింది. ఆలస్యంగా లేవొచ్చు, అయినా తెల్లవారకముందే మెలకువ వచ్చింది. మొహం కడుక్కుని ముందు గదిలోకి పోయి రాట్నం ముందు కూర్చున్నాను. బుట్టలోంచి ఉష చుట్టిన కండె ఒకటి తీసి చూశాను. వదులుంటుందేమోనని నొక్కాను, లేదు. కొస పట్టుకుని వంక కోసం విప్పుతూ పోయాను. మధ్యలో ఎక్కడో నూలు తెగినట్టుంది. ముడి వేసి ఉంది. కంటికి కనపడలేదు, గోటికి మాత్రం తగిలింది. నువ్వుగింజలో సగం కూడా లేదు. నేను అంత చిన్న ముడి ఎప్పుడూ వెయ్యలేదు.

విప్పిన నూలు చుట్టేద్దామని రాట్నం పిడి మీద చెయ్యి వేశాను. అప్పటికే మా ఆయన వచ్చి మగ్గం గుంతలో కాళ్లు దించుకున్నాడు. తలంటుకున్న తడి జుట్టు ముడేసుకుంటూ ఉష వచ్చి నా వెనక నిలబడింది.

"లే అక్క," అంది మెత్తగా. "ఇయ్యాల నీకు సెలవు గద."

లేచాను. ఉష కూర్చుంది, నేను పాడుచేసిన కండెను చిటికెలో చుట్టేసింది. మా ఆయన అటు చూడకుండానే చెయ్యి చాపాడు, అది ఆ చేతిలో కండె పెట్టింది. మగ్గం మొదలైంది. ఆ గదిలో నేనెక్కడ కూర్చోవాలో తోచక కాసేపు అట్లాగే నిలబడ్డాను.